వంత తీసేసిన పాట

జలజాక్షి ఎం.ఏ. తుళులో చేరిందని తెలిసిన రోజు, బీడీలు అప్పగించే చోట ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

"తుళు నేర్చుకోడానికి కాలేజీకెళ్లడమేంటే? మీ అమ్మ ఉగ్గుతో పోసింది చాల్లేదా?" అంది ఒకావిడ.

"చాల్లేదక్కా. ఉగ్గుతో మాట్లాడ్డం వచ్చింది గానీ, మీ నోళ్లు మూయించడం రాలేదు. అది రెండో ఏడు చెప్తారట," అంది జలజాక్షి.

నలభై ఏడేళ్ల మనిషి. ఇద్దరాడపిల్లల్ని చదివించాక, వాళ్ల పాత పుస్తకాలు ముందేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూనే బి.ఏ. గట్టెక్కింది. మంగళూరు పక్కన కొండ మీది విశ్వవిద్యాలయంలో తుళు చదివేవాళ్లు ఆ ఏడు ఏడుగురంటే ఏడుగురే. మిగతా ఆరుగురూ ఆమె కూతుళ్ల ఈడువాళ్లు. ఇంగ్లీషు చదివే పిల్లలు వీళ్లని చూసి జాలిపడేవాళ్లు. ఆ జాలి చూస్తే జలజాక్షికి ఒళ్లు మండేది.

చదువు ముగిసేలోగా తలా ఒక పరిశోధన రాసివ్వాలి. అందరూ పుస్తకాలు చూసి పుస్తకాలు రాశారు. జలజాక్షి మాత్రం పుట్టింటి ఊరెళ్లి, ఊరంతా అజ్జి, అంటే అవ్వ, అని పిలిచే అప్పి అజ్జిని పట్టుకుంది. నాట్లప్పుడు పాట ఎత్తుకోవడంలో ఆ చుట్టుపక్కల అజ్జికి సాటి లేదు. ఆమె పాడేది, అన్నలు ఇంట్లోంచి తరిమేస్తే వానలో మళ్లమ్మట వెళ్లిపోయిన ఒక చెల్లెలి కథ. ఫోనులో ఎక్కిద్దామంటే తడిసిపోతుందని చెవుల్నే నమ్ముకుని, రెండు వానాకాలాలు అజ్జి పక్కన బురదలో వంగి, నాట్లు వేస్తూ పాటంతా నేర్చుకుంది.

అక్కడిదాకా బాగానే ఉంది. రాయడానికి కూచున్నాకే తెలివి ఎక్కువైంది. అజ్జి ఒక వరుస అంటే, మడిలో ఆడవాళ్లంతా "ఓ బేలే" అని వంత అందుకుంటారు. ప్రతి వరుసకీ అదే వంత. ఒకే మాట ఆరువందల సార్లు ఎవరు చదువుతారని, బియ్యంలో రాళ్లేరినట్టు అన్నిటినీ ఏరిపారేసింది. పుట్టినప్పట్నుంచీ వింటున్న వంత కదా, అదీ పాటేనని ఆమెకు తోచనే లేదు.

పరీక్ష రోజు, రాసిన పరిశోధనలు చూసి ప్రశ్నలడగడానికి బయటి ఊరి నుంచి విఠల రై అనే పెద్దాయన వచ్చాడు. బుగ్గన తాంబూలం పెట్టుకుని కాగితాలన్నీ తిరగేశాడు.

"వంత ఏదమ్మా? వంత లేకుండా నాట్ల పాట ఎవరు పాడతారు? పైగా ఈ చివరి భాగం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. మీరు ఇంట్లో కూచుని అల్లేశారు."

"అల్లడం నాకెక్కడొచ్చు సార్? అప్పి అజ్జి పాడిందే రాశాను," అంది జలజాక్షి.

"అయితే ఆవిణ్ణి పిలిపించండి. రెండింటిదాకా ఉంటాను. తర్వాత కల్పన అని రాసి వెళ్లిపోతాను."

తప్పితే రెండేళ్ల చదువూ గంగపాలు. అంతకన్నా అబద్ధాలకోరన్న పేరొస్తుందనే ఆమెకు ఎక్కువ భయమేసింది. తుళు చెప్పే పూవప్ప మేష్టారు వెంటనే కారు తీసి, గంటన్నరలో అజ్జిని వెంటబెట్టుకొచ్చాడు.

అజ్జి గుమ్మంలోనే ఆగింది. "ఇంటికొచ్చిన మనిషికి బెల్లం ముక్క, నీళ్లూ ఇయ్యకుండా ప్రశ్నలేంటయ్యా? ఏ ఇంటి బిడ్డవి నువ్వు?" అంది విఠల రైతో. ఆ గదిలో బెల్లమెక్కడిది? టీలోకి తెచ్చిన చక్కెరతో సరిపెట్టారు.

కుర్చీలో కూచుని అజ్జి మొదటి వరుస అంది. ఆగింది. గదిలో చప్పుడు లేదు. మళ్లీ అదే వరుస అంది. మళ్లీ ఆగింది.

"ఏమోనే జలజా, అంతా తుడిచిపెట్టుకుపోయింది," అంది, కళ్లు చెమర్చి.

విఠల రై కలం మూత తీశాడు. అప్పుడు చూసింది జలజాక్షి, అజ్జి ఎడమచెయ్యి ఒళ్లో నారుకట్ట పట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది.

"లే అజ్జీ. కుర్చీలో కూచుని ఎవరైనా నాట్లేస్తారా?"

ఇద్దరూ గచ్చు మీద నడుం వంచారు. అజ్జి వరుస అంది. "ఓ బేలే" అంది జలజాక్షి. రెండో వరుస దానంతటదే వచ్చింది. వెనక్కి అడుగేస్తూ మూడోది, నాలుగోది. ఐదో వరుస దగ్గర అజ్జి తలెత్తి విఠల రైని కసిరింది.

"ఒక్క గొంతుతో మడి సాగుద్దా? నీకు నోరు లేదా?"

ఆయన తాంబూలం ఉమ్మేసి వచ్చాడు. మొదట గొణిగాడు, పదో వరుసకి గొంతెత్తాడు. మేష్టారు కలిశాడు. వరండాలో చెవులొగ్గి ఉన్న తోటి పిల్లలు ఆరుగురూ అందుకున్నారు. విఠల రై వంత పాడుతూనే జలజాక్షి కాగితాల మీద వేలు కదిపాడు. చివరి పేజీదాకా వేలు ఎక్కడా తడబడలేదు.

పాట చివర అన్నలు ఏరు దాటి వెతుక్కుంటూ వస్తారు. చెల్లెలు పరాయి ఊరి మడిలో నాట్లేస్తూ కనబడుతుంది. "నా రెక్కలు నాకున్నాయి, మీరు వెళ్లండి," అంటుంది.

విఠల రై జలజాక్షి కాగితాల మీద సంతకం పెట్టాడు.

"వంతలన్నీ మళ్లీ రాయాలి."

"ఆరువందలూ రాస్తాను సార్! వెయ్యి రాయమన్నా రాస్తాను!" అమ్మయ్య అనుకుంటూ జలజాక్షి గచ్చు మీదే కూలబడి, పైటతో కళ్లొత్తుకుంది. గుండెల మీంచి బండ దిగినట్టుంది.

ఆయన సర్దుకుని లేచాడు గానీ గుమ్మం దాటలేదు. అజ్జి వైపు తిరిగాడు.

"మాది చిన్న మడి అజ్జీ. ఆ చెల్లెలు ఏటి దగ్గరికొచ్చేసరికే మడి అయిపోయేది, మా అమ్మ పాట ఆపేసేది. ఆ పిల్ల ఏట్లో పడి చచ్చిపోయిందనే అనుకున్నా ఇన్నేళ్లూ."