వచ్చింది కొంచెమే అయితే

గురువారం పొద్దున ఇడ్లీకి పప్పు కడుగుతుండగా విరుదునగర్ నుంచి ఫోను వచ్చింది. మా టీచర్ పోయారని ఆమె తమ్ముడు చెప్పాడు. కోవిల్‌పట్టి నుంచి ప్రతి శనివారం ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆ శనివారం కోసం పెన్సిల్ చెక్కి అప్పటికే సంచిలో పెట్టుకున్నాను.

పాలిటెక్నిక్‌లో ఆమె మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. క్లాసులో తమిళం, బయటికొస్తే మా ఇద్దరికీ ఇంటిభాష అయిన తెలుగు. నేను ఉద్యోగానికి వెళ్ళలేదు. పెళ్ళయి ఇల్లు చూసుకున్నాను. రిటైరయ్యాక ఆమె విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టి నన్ను పిలిపించారు.

"పోపుడబ్బాకి కూడా చీటీ అంటించే దానివి నువ్వు. తప్పు నీ కంటికే దొరుకుతాది. నీకు అర్థమైతే పిల్లకాయలకు అర్థమైనట్టే," అన్నారు.

పుస్తకం విషయం ఒక్కటే. అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పంపింది మన ప్రోగ్రాముకు అందాలంటే, ఆపరేటింగ్ సిస్టంను అడిగి తీసుకోవాలి. అడగడానికి నాలుగు తీరులు. మామూలుగా తీసుకోవడానికి 'రీడ్' చాలు. తీసుకోకుండా ముందు తొంగిచూడాలంటే 'రిసీవ్'. పంపిందెవరో కూడా తెలియాలంటే 'రిసీవ్ ఫ్రమ్'. వచ్చినదాన్ని ఒకేసారి నాలుగు చోట్ల సర్దుకోవాలంటే 'రిసీవ్ మెసేజ్'. పెద్దదే మేలనుకుని పిల్లలు అన్నిటికీ చివరిదే వాడితే ఆమెకు నచ్చేది కాదు.

"ఉప్పు వేసేదానికి సాంబారు గరిటె ఎందుకే?" అనేవారు.

నేనూ ఒక తప్పు చేశాను. వంద అక్షరాలు అడిగితే వందా ఒక్కసారే వస్తాయనుకున్నాను.

"కొళాయి కింద బిందె పెడతావు. సగంలో నీళ్ళు నిలిచిపోతే, నిండిందని మూత పెడతావా?"

"లేదు టీచర్. మళ్ళీ వచ్చేదాకా ఆడే ఉంచుతాను."

"అంతే. నువ్వు అడిగింది లెక్క గాదు, వచ్చింది లెక్క. కొళాయి ఎప్పుడొస్తాదో తెలియని కోవిల్‌పట్టి దానికి నీళ్ళ సంగతి నేను చెప్పాలా."

ఎదుటివాళ్ళు మాట్లాడి ఆపితే ఆమె వెంటనే బదులిచ్చేవారు కారు. ఒళ్ళో ఉన్న చేతివేళ్ళు చిటికెనవేలు నుంచి ఒక్కొక్కటే ముడిచేవారు. అయిదూ ముడిచాకే నోరు తెరిచేవారు. ఆ కాస్త సమయంలో మాలో ఎంత బెరుకు పిల్లైనా ఇంకో మాట చేర్చేది. చాలాసార్లు అసలు జవాబు అదే.

ఈ మధ్య ఆమెకు పక్షవాతం వచ్చింది. తమిళం, ఇంగ్లీషు తడబడ్డాయి. ఇంటిమాట మిగిలింది, అదీ ఒక్కో ముక్కగా. అప్పటికి పుస్తకంలో ఆఖరి వాక్యం ఒక్కటే రాయాల్సి ఉంది. నేను వెళ్ళిన చివరి శనివారం ఆమె దాన్ని చెప్పడం మొదలుపెట్టారు, నేను పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

"వచ్చింది... కొంచెమే... అయితే..."

నేను ఆగలేదు. "మళ్ళీ అడగండి. అంతే గదా టీచర్?" అంటూ రాసేశాను. నా మనసు అయిదు గంటల బస్సు మీద ఉంది. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఎడమచేత్తో నా పెన్సిల్ పట్టుకున్నారు. అలసిపోయారనుకున్నాను.

"పడుకోండి టీచర్, వచ్చే వారం చూద్దాం," అని ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి పెన్సిల్ తీసుకున్నాను.

నేను రాసింది తప్పు కాదు. కొంచెమే వస్తే ప్రోగ్రాం మళ్ళీ అడగాల్సిందే. కానీ ఆ మాటలు నావి. ఆమె చెప్పబోయింది పాఠంలో మిగిలిన ముక్కో, నాకు చెప్పాలనుకున్న మాటో, ఇక తెలియదు. మళ్ళీ అడగండి అని నా చేత్తోనే రాసి, నేను మళ్ళీ అడగలేదు.

ఆమె పోయాక ఆ రెండు మాటలూ రబ్బరుతో చెరిపేశాను. ఆఖరి పేజీలో ఇప్పుడు ఆమె మూడు మాటలే ఉన్నాయి. అది ముందు పెట్టుకుని, శనివారం సాయంత్రాలు ఆమెలాగే ఒళ్ళో చెయ్యి ఉంచి వేళ్ళు ముడుస్తాను. చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, చూపుడువేలు. బొటనవేలు మాత్రం ముడవను.