ముఖం తిప్పిన మాటలు

హెక్టర్ మామయ్య నీళ్ళ దగ్గర కేక వేస్తే కొండ తిరిగి పలికేది. మేమంతా వాగు వంపు దగ్గర ఆగిపోవాలి. ఆయనొక్కడే ముందుకు వెళ్ళి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, గొంతెత్తి పెద్దవాళ్ళని పిలిచేవాడు. పెద్దవాళ్ళంటే బతికున్నవాళ్ళు కాదు. ఆ రాతిగోడ మీద ఎర్రమట్టి బొమ్మలై, ఆ మడుగులో నీళ్ళై ఉన్నవాళ్ళు. ఫలానా వాణ్ణి వచ్చాను, నా వెనక కొత్త ముఖాలున్నాయి, కోప్పడకండి అని వాళ్ళ భాషలో చెప్పుకోవాలి. తర్వాత తన చెమట అరచేత్తో తీసి కొత్తవాళ్ళ నుదుటికి రాస్తాడు. అప్పుడు నీళ్ళు వాళ్ళని మా వాసనతో గుర్తుపడతాయి. చెప్పకుండా దిగినవాడికి జ్వరమొస్తుంది, లేదా తిరుగుదారిలో బండి బోల్తా పడుతుంది.

చూడవచ్చినవాళ్ళకి బొమ్మలకన్నా ఆ కేకే ఎక్కువ నచ్చేది. ఫోన్లు పైకెత్తి పట్టుకునేవాళ్ళు. "ఎంత పురాతనమైన భాష!" అని ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

హెక్టర్ మా అమ్మకి సొంత తమ్ముడు. ఆ కొండ ఆయన తండ్రి వైపు నేల. పుట్టింది ఆ మడుగు పక్కనే, పెరిగింది మాత్రం అక్కడ కాదు. పోలీసు బండి వచ్చి అక్కనీ తమ్ముణ్ణీ ఎత్తుకుపోయి సముద్రం ఒడ్డున మిషన్ హాస్టల్లో పడేసింది. సొంత భాషలో నోరు తెరిస్తే నోట్లో సబ్బుముక్క కుక్కేవాళ్ళు. "మా అమ్మ పాట మర్చిపోయాను గానీ ఆ సబ్బు రుచి మర్చిపోలేదే నోరీన్" అని నాతో నవ్వుతూ అనేవాడు. దాన్ని తెల్లవాళ్ళ ప్రభుత్వం పిల్లల సంరక్షణ అంది. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి మా ఊళ్ళో వేరే పేరుంది.

మీసాలొచ్చాక తిరిగొచ్చాడు. సొంత నేల మీదే, దాన్ని ఆక్రమించిన తెల్లదొర పశువుల్ని తోలే పనికి కుదిరాడు. గుర్రం మీద మామయ్యని మించినవాడు లేడని మగవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ కొండకి వెళ్ళే దారికి దొర గేటు పెట్టి తాళం వేశాడు. ఆయన ఎద్దులు ఆ మడుగులో కడుపునిండా తాగొచ్చు, బొమ్మల కింద నీడలో పడుకుని గోడకి వీపు రుద్దుకోవచ్చు. మేం మాత్రం గేటు దాటకూడదు.

ఆయన పెళ్ళిచేసుకున్నది పాన్సీ కూతుర్ని. ఆ కూతురి పేరు ఇక్కడ రాయను. పోయినవాళ్ళ పేరు మేం ఎత్తం. పాన్సీ అదృష్టం ఏమిటంటే, చిన్నప్పుడు పోలీసు బండి చప్పుడు వినగానే వాళ్ళమ్మ ఆమె ఒంటికి బొగ్గు పూసి రెల్లుపొదల్లో దాచేసింది. అందుకే హాస్టల్ ముఖం చూడలేదు. ఆ నీళ్ళ భాష మొత్తంగా వచ్చిన మనిషి చివరికి ఆమె ఒక్కతే మిగిలింది.

అత్తగారింట్లోనే అంత సొత్తుంటే అల్లుడు నేర్చుకోవడానికేం అని మీకనిపించొచ్చు. మాలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒకే బండెక్కరు. పలకరించుకోరు. అది పగ కాదు, మర్యాద. అంతకుమించిన మర్యాద మా దగ్గర లేదు. అల్లుడు చేపలు పట్టి తెస్తే కూతురి చేతికిస్తాడు, కూతురు అమ్మకిస్తుంది. మరీ అవసరమైతే పాన్సీ తడిక అవతల వీపు తిప్పి కూర్చుని, తన కుక్క బిస్కట్‌తో ఆ భాషలోనే గట్టిగా మాట్లాడేది. కట్టెలు అయిపోయాయే బిస్కట్, ఆ పొగాకు ఇటు విసరమని ఎవరికైనా చెప్పవే బిస్కట్. తడిక ఇవతల మామయ్య వినేవాడు. కాసేపటికి కట్టెలు వచ్చేవి. మంచి అల్లుడు. ఆమె అడిగేదాకా ఆగే రకం కాదు. చలికాలమంతా ఆ చుట్టుపక్కలే తచ్చాడుతూ ఉండేవాడు.

అత్తకీ అల్లుడికీ మధ్య వంతెన ఆయన భార్యే. ఆవిడకి భాష సగం వచ్చు, మిగతా సగం అమ్మనడిగి తెచ్చివ్వగలదు. నా ముందే ఎన్నిసార్లో అంది:

"ఇదిగో, నీళ్ళని పిలిచే మాటలు అమ్మనడిగి తెస్తాను. పొద్దున్నే టీ తాగేటప్పుడు నేర్చుకుందువు."

"గేటుకి అంత తాళం వేలాడుతుంటే పిలిచి ఏం లాభమే? లోపలికొచ్చి టీ తాగమంటారా ఆ పెద్దవాళ్ళు? ముందు తాళం ఊడనీ."

"నువ్వూ నీ తాళమూ! నోటికి కూడా వేసుకున్నావా?"

ఆయన నవ్వి జీను సర్దుకునేవాడు. పశువుల్ని తోలే రోజులు అయిపోనీ అనేవాడు, వానలు వెళ్ళనీ అనేవాడు. ఓ ఏడాది వానలు వెళ్ళేసరికి ఆవిడే లేదు. గుండె ఆగిపోయింది. డాక్టర్ని తెచ్చే విమానం మర్నాడొచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ నేల మాదేనని కోర్టులో గెలిచాం. గేటు తాళం కోసింది హెక్టర్ మామయ్యే. రెండుసార్లు కట్టర్ జారింది. మగవాళ్ళలో పెద్దవాడు ఆయనే మిగిలాడు గనక నీళ్ళని పిలవాల్సింది ఆయనే. టోపీ తీశాడు. నోరు తెరిచాడు. మాటలు వచ్చాయి. ఎక్కడివి మామయ్యా అంటే, "అన్నేళ్ళు తడిక పక్కన ఊరికే కూర్చున్నాననుకున్నావా? ఒక్కొక్కటీ ఏరుకున్నాను" అన్నాడు. మాకెవరికీ రాని మాటలు. మేం తలలు వంచుకుని విన్నాం. బయటివాళ్ళొచ్చారు, వాళ్ళూ విన్నారు. మడుగు పక్కన చల్లగాలి మిషన్లతో పెద్ద హాలు లేచింది, దాని ముందు బోర్డు లేచింది. ఆయన కేక వినడానికి బస్సులొచ్చేవి.

ఈ హాలు కట్టడానికి డబ్బుంది గానీ మా ఊరి క్లినిక్‌లో ఒక్క డయాలసిస్ కుర్చీ వేయడానికి లేదట. కోర్టులో గెలవకముందే పాన్సీ మూత్రపిండాలు పాడయ్యాయి. రోజంతా ప్రయాణం చేస్తే వచ్చే టౌన్లో ఆమెని ఉంచారు. నీళ్ళు ఇక్కడ, ఆమె రక్తం కడిగే నీళ్ళు అక్కడ. తాళం తీసినప్పటినుంచీ ఆమె ఒక్కసారి కూడా మడుగు దగ్గరికి రాలేదు.

మామయ్య మనవరాలు టానికాకి పాప పుట్టింది. పాపని నీళ్ళకి చూపించే రోజున పాన్సీ పట్టుబట్టి వచ్చింది. "ముని మనవరాలి బిడ్డని నీళ్ళకి చూపిస్తుంటే నేను ఆ కుర్చీలో గొట్టాలు పెట్టుకు కూర్చోవాలా? తీసుకుపో నన్ను" అని నామీద అరిచింది. మామయ్య పాపతో ముందు బండిలో. నేనూ పాన్సీ వెనక బండిలో. వంపు ఇవతల, ఆయనకి కనబడకుండా, కొండకి వీపు పెట్టించి కూర్చోబెట్టాను.

కేక మొదలైంది. పాన్సీ చెవి రిక్కించింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. వంగి చూస్తే నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"ఏమైందమ్మమ్మా?"

"ఆ మనిషి ఎవరిని పిలుస్తున్నాడే?"

"ఇంకెవరిని? పెద్దవాళ్ళని."

"కాదే పిచ్చిదానా, నన్ను పిలుస్తున్నాడు! అవి ముఖం తిప్పిన మాటలే. అల్లుడు వినబడే దూరంలో ఉంటే అత్త నీళ్ళని నీళ్ళనదు, నిప్పుని నిప్పనదు. అన్నిటికీ వేరే మాటలుంటాయి. తడిక పక్కన కూర్చుని నా నోట విన్నది అవే. సొంత తాతని పట్టుకుని అత్తగారూ అంటున్నాడే! 'ముఖం చూపించను, మీరూ చూడకండి, దూరంగా ఉంటాను' అంటున్నాడు!"

మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. అటునుంచి పాప ఏడుపు వినబడింది. మామయ్య చల్లటి నీళ్ళు పాప తలమీద చల్లుతున్నట్టున్నాడు. పాన్సీ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"పాపని కూడా చూడొద్దని చెప్పాడే" అంది. "దాన్ని కూడా ముఖం తిప్పుకోమన్నాడు."

"మరి నువ్వు పిలువు అమ్మమ్మా. సరైన మాటలతో."

"నేను పిల్లనిచ్చినదాన్ని. నాకు పలకరు. వాళ్ళ రక్తమే పిలవాలి."

మర్నాడు పొద్దున్నే ఆమె టౌన్‌కి తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళకపోతే బతకదు.

మామయ్యకి నేనే చెప్పాను. వాకిట్లో చేప పొలుసు గీరుతున్నాడు. కత్తి ఆపలేదు. అంతా విని, "అందుకా!" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఆ మడుగులో నా గాలానికి ఒక్క చేపా పడలేదు. మా తాత పాపం మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడన్నమాట." తనే నవ్వాడు. తర్వాత కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

"పాప సంగతేమిటే?" అన్నాడు.

ఇద్దరం టౌన్‌కి వెళ్ళాం. మామయ్య లోపలికి రాలేడు. ఆస్పత్రి గోడ బయట, భవనానికి వీపు పెట్టి, బండ్లు ఆపే చోట నేల మీద కూర్చున్నాడు. సెక్యూరిటీ మనిషి వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. మా అత్తగారు లోపలున్నారు, అందుకే బయట కూర్చున్నానంటే ఆ మనిషికి ఏం అర్థమవుతుంది?

లోపల పాన్సీ కుర్చీలో ఉంది, చేతినిండా గొట్టాలు. నన్ను చూడగానే సంగతి గ్రహించింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ఒక మాట అంది, కాదని తల ఊపింది. ఇంకోటి అంది, అదీ కాదంది. 

"అవి కూడా తిప్పిన మాటలేనే."

"తొందరేం లేదు అమ్మమ్మా."

"తొందర కాదే. ముఖం తిప్పని మాటలు నేనెవరితో మాట్లాడేదాన్ని? నా కూతురితో. అది పోయింది. ఆ మనిషి చూస్తే ఎప్పుడూ తడిక పక్కనే. కట్టెలు తెస్తూ, నీళ్ళు తెస్తూ. వినబడుతుందేమోనని నేను ఎప్పుడూ తిప్పిన మాటలే. నాలుక అటే వాలిపోయింది. అంత మంచివాడు కాకపోయినా బాగుండేదే."

నర్సు వచ్చి బీపీ చూసింది. పాన్సీ నిద్రపోయింది. లేచి మళ్ళీ ప్రయత్నించింది. సాయంత్రానికి ఒక్కటి దొరికింది. మనవడు తాతని పిలిచే మాట. నా చెయ్యి పట్టుకుని పదేపదే పలికించింది. అది నేనిక్కడ రాయను, అది మామయ్యది.

బయటికొచ్చి ఆయన చెవిలో చెప్పాను. పెదాలతో పలుకుతూ కూర్చున్నాడు.

"ఇంకా?"

"అంతే మామయ్యా."

"అంతేనా?" దూరంగా చూశాడు. "మీ అత్త రోజూ పొద్దున్నే టీ కాస్తూ అమ్మనడిగి తెస్తానంది. రోజూ. నేను తాళం గురించి మాట్లాడాను. భాష పీకేసింది వాళ్ళు. కాదనను. కానీ తను తెస్తానన్నప్పుడు నా నోట్లో సబ్బు లేదే."

వానలు వెలిశాక, బస్సులు రాకముందే, పాపని మళ్ళీ తీసుకెళ్ళాం. మామయ్య టోపీ తీశాడు. ఆ ఒక్క మాటా అన్నాడు. కేక వేయలేదు. పక్కనున్నవాణ్ణి పిలిచినట్టు పిలిచాడు. తర్వాత చెమట తీసి పాప నుదుటికి రాశాడు.

తర్వాతి వారం మొదటి బస్సు వచ్చింది. ఆయన అలాగే ఒక్క మాట అని పక్కకి తప్పుకున్నాడు. ఫోన్ పైకెత్తి పట్టుకున్న కుర్రాడొకడు ముందుకొచ్చాడు.

"వీడియోలో మీరు చాలాసేపు మాట్లాడారు కదా. అదెప్పుడు?"

"అది తప్పు మాట బాబూ" అన్నాడు మామయ్య. "సరైనది నాకు ఇదొక్కటే వచ్చు. ఇటు రా, నుదురు చూపించు."