రెండు దాటకముందే అడగాల్సిన మాట

చావు జరిగిన ఇంట్లో శవం మీద ఫ్యాను తిరుగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేరుగా పోయి ఆపేస్తాను. కరెంటు మిగల్చడానికి ఆపానని అందరూ అనుకుంటారు. నా పిసినారితనం నగరిలో మా వీధికంతా తెలుసు కాబట్టి వాళ్లను తప్పు పట్టను. కానీ సంగతి అది కాదు.

మా ఆయన బతుకంతా మగ్గం మీదే గడిచింది. నేను మూడో తరగతితో బడి మానేసి అచ్చు అతకడం నేర్చుకున్నాను. మగ్గం మీద పడుగు అయిపోవస్తున్నప్పుడు పాత పోగుల కొసలు దువ్వెనలాంటి అచ్చులో కొంచెం మిగిల్చి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతకాలి. వేల పోగులుంటాయి. ఒక్కటి తప్పినా బట్టలో గీత పడుతుంది. ఆ పనిలో నా కళ్లు, నేతలో ఆయన కళ్లు మసకబారాయి. కంటి శిబిరం పెడితే ఇద్దరం ఆపరేషన్ చేయించుకున్నాం.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మనిషి పోయాక కంటి ముందుండే అద్దంలాంటి పొరను తీసి, చూపు లేనివాళ్లకు అతుకుతారట.

"అతుకుతారా? అయితే మా ఇంటామె పనే కదమ్మా ఇది!" అని నవ్వి, అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు ఆయన. నా వరుస వచ్చేలోపల బస్సు టైమయిందని నేను లేచి వచ్చేశాను. దారిలో ఆయనే అన్నాడు, "పడుగు అయిపోయిందని అచ్చు పారేస్తామా మే? కొత్తది అతుకుతాం. ఇదీ అంతే."

నాకూ అది న్యాయంగానే తోచింది. తెగిన నూలుపోగులను పారేయకుండా దిండులో కూరే మనిషిని నేను. బాగున్న వస్తువును బూడిద చేయడం కంటే పాపం ఏముంటుంది? వాళ్లిచ్చిన కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి రేషన్ కార్డు పక్కన దాచాను.

ఆడికృత్తిక పండగ అయిన వారానికి, పొద్దున ఎనిమిదింటికి, కాఫీ తాగి మగ్గం దగ్గరికి పోయిన మనిషి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. మా వీధిలో చావు జరిగితే శవం కదిలేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. ఒక్కొక్కటే ఆగిపోయి, వీధి మొత్తం చెవులు గడియపడినట్టు నిశ్శబ్దమైంది.

మనవరాలు తిరుపతిలో నర్సు చదువుతోంది. సెలవుకు వచ్చి ఇంట్లోనే ఉంది. ఏడుస్తూనే కార్డు తీసుకొచ్చింది.

"అవ్వా, కండ్లు ఆరు గంటల లోపల తీయల్ల. అంటే రెండు దాటకూడదు. వాళ్లు తిరుపతి నుంచి రావల్ల, ఇప్పుడే ఫోన్ చేస్తా. ఫ్యాను ఆపండి, రెప్పల మీద తడి దూది పెట్టండి."

మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఆ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"మా అన్న మీద కత్తి పెట్టేదానికి నేను ఒప్పుకోను. దేముడు ఇచ్చిన దేహం ఇచ్చినట్టే పోవల్ల. వచ్చే జన్మలో గుడ్డోడుగా పుడితే నువ్వు పోయి సెయ్యి పట్టుకుంటావా?"

"కొండకు పోయి తలనీలాలు ఇస్తావే చిన్నతాతా! వచ్చే జన్మలో బోడిగుండుతోనే పుడతావా?"

"ఎంటికలు మళ్లా మొలుస్తాయి. కండ్లు మొలుస్తాయా?"

"కాల్చినాక మాత్రం మొలుస్తాయా?"

"సూడబ్బా నీ కూతురి నోరు!" అని అతను మా కొడుకు మీదికి తిరిగాడు.

వాడు నేల చూపులు చూస్తూ, "పెద్దమనిషి రానీ సిన్నాయనా. ఆయన ఎట్ల సెప్తే అట్ల," అన్నాడు.

మా కులంలో పెద్దమనిషి వచ్చి తాంబూలం అందుకునేదాకా చావింట్లో ఏ పనీ మొదలవదు. పాడె కట్టేది ఎవరో, కదిలేది ఎప్పుడో ఆయనే చెప్పాలి. ఆయనేమో సత్యవేడులో పెళ్లికి పోయి ఉన్నాడు. ఫోన్ ఎత్తకపోతే మనిషిని పంపారు.

ఇక కూర్చున్నవాళ్లంతా మాట్లాడారు. దానాల్లో ఇదే గొప్పదని ఒకరు, అన్నం పెట్టడం దానం కానీ అవయవం కోయడం దానమేంటని ఒకరు. బతికుండగా ఇస్తే ఒప్పుకుంటాను, పోయాక ఇచ్చేదానికి అది మన సొత్తా అని ఒక ముసలాయన. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను పెద్దది చేశారు. ఆయన రెప్పలు పూర్తిగా మూతపడలేదు. ఆ గాలికి కళ్లు ఆరిపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

నేను ఆయన తల దగ్గరే కూర్చున్నాను. ఉప్పు నుంచి ఉల్లిగడ్డ దాకా ఆ ఇంట్లో నా మాట లేకుండా ఏదీ కదిలేది కాదు. 'చేయరా' అంటే మా కొడుకు చేసేవాడే. అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే నా వెనక ఒకామె ఇంకొకామెతో గుసగుసలాడింది.

"కండ్లకు ఎంత ఇస్తారంట?"

"ఏమోమే. ఈమె ఊరికే ఇస్తుందా?"

నా నోరు మూతపడింది. మొగుడి కళ్లు కూడా అమ్ముకుందనే పేరు వస్తుందని భయపడ్డాను. ఎన్నడూ ఎవరి మాటకూ జడవని దాన్ని, ఆ రోజు ఆ ఒక్క మాటకు జడిసి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పన్నెండు. ఒంటిగంట. రెండు.

రెండున్నర దాటాక పెద్దమనిషి వచ్చాడు, పెళ్లి గంధం మెడ మీద అట్లానే ఉంది. మా కొడుకు సంగతి చెప్పాడు.

"దీనికా నాకోసం కాసుకోనుండారు?" అన్నాడాయన. "ఆయన కండ్లు, ఆయనే సెప్పి పోయినాడు. దీంట్లో కులమేం జేస్తుందప్పా? పెండ్లాం ఈడనే ఉండాదే, ఆమెను అడిగినారా?"

అందరూ నా వైపు తిరిగారు. పొద్దుటినుంచి ఎవరూ అడగలేదు. నేను సరేనని తల ఊపాను. మనవరాలు ఫోన్ చేసింది. అవతలివాళ్లు మర్యాదగానే అన్నీ అడిగి, టైము దాటిపోయిందమ్మా అన్నారు.

ఆరింటికి ఆయనా, ఆయన కళ్లూ బూడిదయ్యాయి. మర్నాడు వీధిలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

నెల మాసికం అయ్యాక మళ్లీ శిబిరం పెట్టారని తెలిసి నా కళ్లకు సంతకం పెట్టడానికి పోయాను. సాక్షిగా ఎవరినైనా పెట్టమన్నారు. మరిదినే తీసుకుపోయాను. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు.

"వదినె, మా నాయన లారీ కింద పడి పోయినప్పుడు ఆస్పత్రిలో కోసి, కుట్టి, గోనెసంచి మాదిరి ఇచ్చినారు. నాకు పన్నెండేండ్లు. ఆ కుట్లు నేను సూసినాను. అన్న సూడలేదు, అప్పుడు ఊర్లో లేడు."

ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఆ కుట్ల మాట నాకు తెలియదు. ఆ రోజు అంతమంది అన్నేసి ధర్మాలు చెప్పారు కానీ అతను ఈ ఒక్క మాట చెప్పలేదు. నేనూ నా మాట చెప్పలేదు.

"ఆ పొద్దే సెప్పింటే ఏం పోయె?" అని కసిరాను.

"నువ్వు సెప్పినావా?"

కాగితం అతని ముందుకు తోశాను. "నాకు ఇప్పటికీ ఇష్టం లేదు," అంటూనే సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చి ఆ ఫోన్ నంబరును ఫ్యాను స్విచ్చి పక్కన గోడ మీద బొగ్గుతో పెద్దగా రాశాను. కింద 'ఫ్యాను ఆపు, తడి దూది పెట్టు, ఎవరికోసమూ కాచుకోవద్దు' అని రాశాను. వచ్చినవాళ్లంతా అదేమిటని అడుగుతారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. విన్నాక ప్రతివాళ్లూ మళ్లీ జన్మ, పాపం, పుణ్యం అని మొదలుపెడతారు. మీరేమైనా అనుకోండి, ముందు ఫోన్ చేయండి అంటాను.

మొన్న పండక్కి మరిది వచ్చి ఇంటికి సున్నం కొట్టాడు. నేను కొట్టుకు పోయి వచ్చేసరికి గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. స్విచ్చి పక్కన మాత్రం మూరెడు మేర పాత గోడ అట్లానే వదిలేశాడు, నంబరుతో సహా. దాని చుట్టూ చిన్న కుంచెతో జాగ్రత్తగా తిప్పాడు. ఒక్క అంకె మీద మాత్రం సున్నం చింది సగం మాసిపోయింది.

దానికి బాగా తిట్టాను. అతను పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి నా చేతికిచ్చాడు.