సన్నాయికి తలంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తప్పకుండా నూనె పెట్టించుకునేవాళ్ళం ఇద్దరమే: నేనూ, మా తాతయ్య సన్నాయీ.

కోసిగి దిక్కున ఉన్న మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు వాయించేది మా తాతయ్యే. ముహూర్తాల రోజులు దగ్గరపడితే పొద్దునపూట పంచలో కూర్చుని, సన్నాయికి ఊదే పీక తీసి గుడ్డలో చుట్టి పక్కన పెట్టేవాడు. పక్కింటి మగ్గం దగ్గర మిగిలిన నూలు పోగులను దారానికి ముడివేసి, గొట్టంలోకి జారవిడిచి, అవతలి కొస పట్టుకుని మెల్లగా లాగేవాడు. తర్వాత కోడి ఈకను నువ్వుల నూనెలో ముంచి లోపలంతా పూసేవాడు. అప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సన్నాయిని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసుకుని చూడమనేవాడు. లోపల నల్లటి కొయ్య తడితడిగా మెరిసేది. చివర చిన్న వెలుగు చుక్క ఉండేది. మగ్గం చప్పుడు వింటూ అట్లా చూస్తూ ఉంటే, అందులోంచి నడిచి వెళితే ఇంకో ఊరు వస్తుందనిపించేది. ఆ ఊళ్ళో నీళ్ళకు కరువుండదని నా నమ్మకం.

ఒక శుక్రవారం తాతయ్య నూనె పూసి, సన్నాయిని నీడలో పెట్టి బయటికి వెళ్ళాడు. అప్పుడే మా జేజి, అంటే మా నాయనమ్మ, నాకు తలంటి పోసి ఎండలో కూర్చోబెట్టింది. పొయ్యి దగ్గర కాస్త కుంకుడు రసం, చెంబెడు వేన్నీళ్ళు మిగిలాయి. నూనె పెట్టాక తలంటు పోయకపోతే ఎట్లా? పాపం, సన్నాయికి ఎవరూ పోయడం లేదే అనిపించింది. నురుగు వచ్చేదాకా రుద్ది, నీళ్ళు పోసి, నా పక్కనే మండుటెండలో ఆరబెట్టాను. చాలా మంచి పని చేశాననే అనుకున్నాను.

తాతయ్య తిరిగొచ్చి, పీక తగిలించి ఊదాడు. సన్నాయి గొంతు బొంగురుపోయింది. కింది స్వరాల దగ్గర ఉత్త గాలే వచ్చింది. మర్నాడే పక్కింటి అక్క పెళ్ళి. ఊళ్ళో ఇంకో సన్నాయి లేదు. జేజి నెత్తి కొట్టుకుంది. తాతయ్య నా తడి జుట్టునూ సన్నాయినీ మార్చి మార్చి చూశాడు.

"కుంకుడు రసం దాని కండ్లల్లో పడలేదు కదా పాపా?" అని అడిగాడు.

"లేదు తాతా, కండ్లన్నీ వేళ్ళతో మూసినా" అన్నాను.

తిట్టలేదు. ఆ సాయంత్రం పొడి నూలు నా చేతికే ఇచ్చి లాగమన్నాడు. మళ్ళీ నూనె పూశాడు. కానీ కొయ్య మా తొందర వినలేదు.

మర్నాడు పందిట్లో సన్నాయి బొంగురుగానే పలికింది. పెళ్ళికూతురి తండ్రి అందరి ముందూ అడిగేశాడు. "ఏమప్పా, ఇట్ల పలుకుతాండాది? నా బిడ్డ పెండ్లికే ఇట్ల తెచ్చినావా?"

నేను పందిరి గుంజ వెనక నక్కాను. నా పేరు చెబుతాడనుకున్నాను.

"తప్పు నాదేలేప్పా. నీళ్ళు తగలనిచ్చినా. చూసుకోవాల్సింది నేనే" అన్నాడు తాతయ్య.

తలా ఒక మాట అన్నారు. ఊరంతా మెచ్చుకునే మనిషి తల వంచుకుని విన్నాడు. తర్వాత, రాని స్వరాలను వదిలేసి, వచ్చేవాటితోనే అల్లుకుంటూ తాళి కట్టేదాకా వాయించాడు. ఒక్కసారైనా నా వైపు చూడలేదు. చూసి ఉంటే అందరికీ తెలిసిపోయేది. నాకు ఏడుపు ఆగలేదు.

నెలల తరబడి నూనె తాగాక ఆ స్వరాలు తిరిగి వచ్చాయి. సన్నాయి ఇప్పుడు నా దగ్గరే ఉంది. వాయించేవాళ్ళు లేకపోయినా, ఏటా నూలు లాగి నూనె పూస్తాను, ఒక కన్ను మూసి చూస్తాను. ఆ ఊరు ఇంకా అక్కడే ఉంది.

మొన్న మా మనవరాలు, దుమ్ము పట్టిందని నా సెల్‌ఫోనును సబ్బుతో కడిగింది. ఎవరు చేశారని ఇంట్లో అందరూ కేకలేస్తుంటే, నా చెయ్యి జారి నీళ్ళల్లో పడిందని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల వైపు మాత్రం చూడలేదు.