ఎర్రగీత లేని అరవై ఎక్సర్‌సైజులు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. తల వంచి రాయడమూ లేదు.

నాచారంలో మాది పటేల్ల ఇల్లు. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న నేలలో కొంత ఒకప్పుడు మాదే. అది తాత కాలానికే పోయింది, పిలుపు మాత్రం మిగిలింది. ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన కోడింగ్ నేర్పే చోట చేరితే, పక్క కుర్చీలో స్వరూప. వాళ్ల నాన్న చిన్నతనంలో మా తాత దగ్గర జీతం, అంటే పాలేరుగా, ఉన్నవాడు.

సారు మాకు టైప్‌స్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో అరవై ఎక్సర్‌సైజులు ఇచ్చారు. అందులో ప్రతి విలువా తాను అంకెనో, అక్షరాలో, మరొకటో ముందే చెప్పుకోవాలి. పొంతన కుదరకపోతే కింద ఎర్రగీత పడుతుంది. గీతలన్నీ పోగొట్టి ముందుగా ముగించినవాళ్ల పేరు ఒక కంపెనీకి ఉద్యోగం కోసం పంపుతానన్నారు. ఒక్క పేరే.

పదిహేడో దాని దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు. స్వరూప చూసింది.

"పటేలా, జర కుర్చీ ఇటు గుంజుకో, చెప్త. గింత సేపు దాన్నే సూస్తున్నవ్, అది నీకు దండం పెడ్తదా ఏంది?"

"మా ఇంట్ల ఎవర్నీ అడిగే అలవాటు లేదు," అన్నాను.

"మంచిగుంది. మరి ఎర్రగీతకు గూడ జెప్పు ఆ ముచ్చట," అని నవ్వింది.

ఆ నవ్వు ఎగతాళా? కాదు. అప్పుడే తెలుసు. అయినా ఆ సాయంత్రం, పదిహేడు నుంచి అరవై దాకా చిక్కుపడిన చోటల్లా 'ఎనీ' అని రాశాను. ఇది ఏదైనా కావచ్చు, అడగొద్దు అని యంత్రానికి చెప్పడం అది. అది అడగలేదు. మర్నాడు సారు ఎరుపు ఉందో లేదో చూసి, నా పేరు పంపారు. స్వరూప అన్నీ నిజంగా చేస్తూ అప్పటికి నలభై ఎనిమిదో దాని మీద ఉంది. నా ఫైలు చూపించమని అడగలేదు. నమ్మింది.

ఇల్లు గడవక చేశానా? అలా అనడం తేలిక. అబద్ధం. జీతగాడి కూతురి దగ్గర కూర్చుని నేర్చుకోవడం కన్నా దొంగగా నిలబడటం నాకు సులువనిపించింది. తాతల నుంచి నాకు దక్కింది ఆ వెన్నెముక ఒక్కటే. దాన్ని తిట్టుకుంటూనే ఇప్పటికీ నిటారుగా నడుస్తున్నాను.

ఉద్యోగంలో చేరాక ఆ అరవై మళ్లీ చేశాను, ఒక్క 'ఎనీ' లేకుండా. పదిహేడోదానికి మూడు ఆదివారాలు పట్టాయి. దాంతో ఏమైనా తీరిందా? లేదు. స్వరూప నాగోల్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తోంది. కనబడితే పటేలా అనే పిలుస్తుంది. నేను తల ఊపుతాను. క్షమించమని అడగను. అడిగితే క్షమిస్తుంది. ఆ దయ నాకు అక్కర్లేదు.

కానీ ఆ ఉద్యోగం ఆమెది.

ఆరేళ్లలో ఈ మాట పూర్తిగా రాయడం ఇదే మొదలు.