ఇరవై రెండో నంబరు అమ్మాయి

మా పిన్ని పోయి ఆరేళ్ళయింది. ముప్పైమూడేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పింది. లెక్క తప్పిన చోట ఇంటూ గుర్తు కొట్టేది కాదు, ఎర్రసిరాతో చిన్న చుక్క పెట్టి ఊరుకునేది. ఎక్కడ పొరబడ్డారో పిల్లలే వెతుక్కోవాలి. అందుకని అందరూ ఆమెను చుక్కల టీచరు అనేవారు. కూరగాయలమ్మే ఆవిడ కూడా అలాగే పిలిచేది, పిన్ని పలికేది.

ఆమె రిటైరైన ఏడాదే నేను పై చదువు కోసం ఆ ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళున్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద పాత హాజరుపట్టీల దొంతర. బడివాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకుంది. అట్టలు ఊడినవాటికి బాబాయి క్యాలెండరు కాగితాలు అంటించిపెట్టాడు. తెల్లవారగానే పిన్ని పాలు పొయ్యిమీద పెట్టి, పట్టీ తెరిచి, రోజుకు ఐదుగురి చొప్పున తన పాత విద్యార్థుల పేర్లు వరసగా, మెల్లగా చదివి, ఒక్కొక్కరినీ దేవుడికి అప్పగించేది. ఆమె ప్రార్థన అదే. పాలు పొంగకుండా చూడటం నా వంతు. నేనూ కళ్ళు మూసుకున్న రోజున పొయ్యి తుడుచుకోవాల్సి వచ్చేది.

“ఏమోయ్, ఇవాళ అందరూ వచ్చారా?” అని బాబాయి పళ్ళు తోముకుంటూ అడిగేవాడు.

“దేవుడొచ్చాడు. మిగతావాళ్ళ సంగతి కనుక్కోవాలి” అనేది పిన్ని.

కనుక్కోవడం ఉత్తమాట కాదు. ఎలా ఉందో తెలియకుండా ఆ పిల్లకి ఏం కావాలని దేవుణ్ణి అడగను అని ఆమె వాదన. పొద్దున చదివిన పేర్లలో ఎవరి ఆచూకీ దొరికితే సాయంత్రం వాళ్ళింటికి బయల్దేరేది. ఈ వయసులో కాలికి బలపం కట్టుకుని తిరుగుతోందని మా అమ్మ విసుక్కునేది. ఒకచోట మంచంపట్టిన అత్తగారి పక్కన పిన్ని కూర్చుంటే, ఆ కోడలు రెండు గంటలు కన్ను మూసేది. ఇంకొకచోట దరఖాస్తు రాసిపెట్టేది. చాలాచోట్ల టీ తాగి వచ్చేసేది. ఒకింట్లో మాత్రం పాత మొట్టికాయలు గుర్తుచేసి మొహానే తలుపేశారట. ఆ సంగతి చెప్పి తనే పడీపడీ నవ్వింది.

ఆ చలికాలం ఒక తొమ్మిదో తరగతి పట్టీలో ఇరవై రెండో నంబరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అంతకుముందు ఏడు లెక్కల్లో మూడు మార్కులు తక్కువై ఆ పిల్ల అదే తరగతిలో ఉండిపోయింది. ఆపింది పిన్నే. ఆ పేరుకెదురుగా నాలుగు నెలల హాజరు, ఆ తర్వాత ఖాళీ గళ్ళు. వారం రోజులు వాకబు చేస్తే, ఆమె అన్న టైలరు షాపు దొరికింది. చెల్లెలు ఊపిరితిత్తుల ఆస్పత్రిలో నాలుగు నెలలుగా ఉందని, తనకు వెళ్ళడానికి తీరిక చిక్కడం లేదని అతను మిషను మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

పిన్నితో నేనూ వెళ్ళాను. బస్సు దిగి చాలాదూరం నడవాలి. ఆడవాళ్ళ వార్డులో సగం గోడ దాకా ఆకుపచ్చ రంగు, ఇనప మంచాలు, బార్లా తెరిచిన కిటికీలు. నోటికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి పిన్నిని చూసి లేచి నిలబడబోయింది. జుట్టంతా అట్టలు కట్టింది. పిన్ని ఆమెను కూర్చోబెట్టి, తన సంచిలోంచి దువ్వెన తీసి చిక్కులు విప్పడం మొదలుపెట్టింది. పెళ్ళి, భర్త పోవడం, దగ్గు మొదలవడం, అన్నీ ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. చివరికి పిన్ని ఆగలేకపోయింది.

“ఆ ఏడు నేను మూడు మార్కులు కలిపి ఉంటే నువ్వు బడి మానేదానివి కాదు కదమ్మా.”

“దానికి నాకు కోపం లేదు టీచర్. మా నాన్న మాన్పించడానికి సాకు కోసం చూస్తున్నాడు, దొరికింది. కానీ నేను రాకపోతే, ఎందుకు రావట్లేదని మీరెవరూ మా ఇంటికి రాలేదేం?”

పిన్ని చేతిలో దువ్వెన ఆగిపోయింది. కాసేపటికి జడ పూర్తిచేసి, లేచి, వచ్చేసింది. ఆ తర్వాత వారం రోజులు పట్టీ తెరవలేదు. పాలు కాచి, దించి, ఊరికే కిటికీలోంచి చూస్తూ నిలబడేది. బాబాయి కూడా హాస్యాలు మానేశాడు. ఎనిమిదో రోజు కాఫీ ఇస్తూ అతనితో అంది, “దేవుడు నన్ను క్షమించాడో లేదో నాకు తెలీదండీ. నేను మాత్రం రేపు మళ్ళీ వెళ్తున్నాను.”

రేపంటే గురువారం. అలా పదకొండేళ్ళు గురువారాలు వెళ్ళింది. చూడ్డానికి ఎవరూ రానివాళ్ళ మంచాల దగ్గరే ముందు కూర్చునేది. తలలు దువ్వేది, ఉత్తరాలు రాసేది. ఎవరైనా అడిగితే ప్రార్థన చేసేది, అడక్కపోతే దేవుడి ఊసే ఎత్తేది కాదు. ప్రార్థన మందిరంలో ఆమెతో పాటు కూర్చునే ఆడవాళ్ళు మొదట జబ్బు అంటుకుంటుందని దూరం జరిగారు. తర్వాత ఇద్దరొచ్చారు, ఆ తర్వాత ఐదుగురయ్యారు.

ఇరవై రెండో నంబరుకు ఏడాదిలో నయమైంది. అదే ఆస్పత్రిలో ఆయాగా కుదిరి, పదో తరగతి ప్రైవేటుగా కడతానంది. మధ్యాహ్నాలు వరండాలో ఇద్దరూ బీజగణితంతో కుస్తీ పట్టేవారు. మొదటిసారి లెక్కల్లోనే పోయింది. పిన్ని ఆమె కంటే ఎక్కువ బాధపడింది. రెండోసారి పరీక్షకు, అప్పటికి ఉద్యోగంలో ఉన్న నేను సెలవు పెట్టి మరీ వచ్చాను. బయట మెట్ల మీద పిల్లల తల్లుల మధ్య మూడు గంటలు కూర్చున్నాం. పక్కనున్నావిడ “మనవరాలు రాస్తోందాండీ?” అని అడిగింది.

“మా అమ్మాయి” అంది పిన్ని.

గంట కొట్టగానే పదిహేనేళ్ళ పిల్లల గుంపులోంచి నలభై ఒక్కేళ్ళ మనిషి బిక్కమొహంతో వచ్చి, చివరి లెక్క వదిలేశానని చెప్పింది. పోనీలే, ఆకలేస్తోందా అంది పిన్ని. ముగ్గురం ఒకే డబ్బాలోంచి పెరుగన్నం తిన్నాం.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి పిన్ని నిద్రపోతోందట. బాబాయి లేపబోతే వద్దని ఆపి, గంటసేపు గుమ్మంలోనే కూర్చుంది. పిన్ని లేచి వచ్చి, ఆమె మొహంలో నవ్వు చూసి, ఏమీ అడగకుండానే పక్కన కూర్చుండిపోయింది.