మొరగని కుక్కపిల్లకు కంచె వెతికాం

నేను చదువుకోడానికి వెళ్లిన కెనడా ఊరు సార్నియాలో ఆ ఏడు ఎటు చూసినా మనవాళ్లే. కాఫీ షాపుల్లో జాబులన్నీ నాకన్నా ముందొచ్చినవాళ్లు పట్టేశారు. నాకు మిగిలింది ఊరిబయట కుందేలు వేటకుక్కల షెడ్డు కడగడం. ఇంట్లోవాళ్లకు ‘యానిమల్ కేర్’ అని చెప్పాను. అబద్ధమేం కాదు, చీపురు పట్టుకుని కేర్ చేసేదాన్ని. ఓనరు డెబ్బై దాటిన కెనడా పెద్దాయన. నేను అంకుల్ అనేదాన్ని. అటువైపు బస్సు లేదు కాబట్టి ఆయనే ట్రక్కులో తీసుకెళ్లేవాడు.

అక్కడి పిల్లకుక్కల్లో ఒకటి వాసన పట్టేది, పరిగెత్తేది, కానీ మొరిగేది కాదు. కుందేలు జాడ మీద గొంతెత్తని కుక్క వేటకు దండగ. పొదల్లో అది ఎక్కడుందో మనిషికి ఎలా తెలుస్తుంది? మంచు పడేలోపు నోరు విప్పకపోతే ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు అంకుల్.

దాని మౌనవ్రతం సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ షెడ్డులో కూర్చునే ఫోన్లో కాలేజీ గ్రూప్ ప్రాజెక్టు మీటింగులు అటెండయ్యేదాన్ని. అది భౌమన్నప్పుడల్లా వేలు చూపించి “ష్, నోర్ముయ్” అనేదాన్ని. నెల తిరిగేసరికి కిక్కురుమనడం మానేసింది. నా పెంపకానికి నేనే మురిసిపోయాను. తీరా విషయం ఇంతదాకా వచ్చాక, జాబ్ పోతుందని నేనూ నోరు మూసుకున్నాను.

లోపల కుందేళ్లను వదిలి చుట్టూ కంచె వేసిన శిక్షణ స్థలంలో కొన్నాళ్లు ఉంచితే దారిన పడుతుందని అంకుల్ నమ్మకం. మొదట చూసినచోట పెద్ద గేటు, రంగుల బోర్డు, కాళ్లకు అడ్డంపడేన్ని కుందేళ్లు. “ఇదే ఖాయం చేద్దాం అంకుల్” అన్నాను. ఆయన అయిదు నిమిషాల్లో ట్రక్కెక్కేశాడు. అన్ని కుందేళ్లుంటే పిల్ల ఒక జాడ వదిలి ఇంకోటి పట్టుకుంటుంది, ఏదీ నేర్చుకోదట. నేనైతే బ్రోచర్ మీద సరస్సు బొమ్మ చూసి కాలేజీకి అప్లై చేసిన జ్ఞానిని. బస్సులుంటాయా అని అడిగితే కన్సల్టెన్సీ ఆయన “కెనడా కదమ్మా” అన్నాడు. సరేనని సంతకం పెట్టేశాను.

రెండోచోట కంచె అడుగున చెయ్యి దూర్చి చూసి, పిల్ల ఇందులోంచి పారిపోతుందని వద్దన్నాడు. మూడోది చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంతే జాగా, ముళ్లపొదలు, బురద. అంకుల్ ముఖం మాత్రం వెలిగిపోయింది. కుందేలు దాక్కోడానికి బొరియలున్నాయా, తాగడానికి నీళ్లెక్కడ, మొదట్లో పిల్లను ఒంటరిగా వదులుతారా, పెద్ద కుక్కలు మీదపడితే ఎవరు చూస్తారు అంటూ అక్కడి ఓనర్ని అడగడం మొదలుపెట్టాడు. పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని ఆరాలు తీయరు. వినీ వినీ నాకు ఒళ్లు మండింది. నన్ను విమానం ఎక్కించేముందు ఇందులో సగం ఎవరూ అడగలేదు. బీటెక్ చదివి కుక్కపిల్లను చూసి కుళ్లుకున్నాను.

ఖాయం చేసేముందు ఒకసారి వదిలి చూద్దామన్నాడు. పిల్ల ముక్కు నేలకానించింది. తోక గిరగిరా తిరిగింది. పొదలోంచి కుందేలు లేచి పరుగందుకుంది. పిల్ల వెంటపడి, నాలుగంగలు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది, అంకుల్‌ని కాదు, నన్ను. మూతి బిగించుకుని నా వేలి వంక చూస్తోంది.

“అంకుల్, దాని నోరు మూయించింది నేనే” అని మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, “అయితే నువ్వు దానికి కనిపించకు” అన్నాడు.

గేటు దాటి వెళ్లి ట్రక్కు వెనక బురదలో కూర్చున్నాను. మూడు కంచెలు వెతికిన ఆ మహానుభావుడికి, లోపల నేను ఉండకూడదన్న సంగతి మాత్రం తట్టలేదు. తట్టేలా నేను చెప్పిందెప్పుడు? చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పొదల్లోంచి ఒక కీచుగొంతు. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి పొడుగ్గా.

అంకుల్ రమ్మని కేకేశాడు. పరిగెత్తుకెళ్లి దాన్ని ఎత్తుకోవాలనిపించింది. నన్ను చూస్తే మళ్లీ నోరు మూస్తుందేమోనని లేవలేదు.